ముందుచదువరి

ప్రయోగశాలకి రాగానే హైమవతి చేసే మొదటి పని, తనని తాను నిద్రలేపడం.

తెర మీద ఓ చిన్న గది కనిపిస్తుంది. బల్ల, కుర్చీ, కిటికీ, ఆ కిటికీలో ఎప్పుడూ ఒకటే ఎండ. కుర్చీలో హైమవతే కూర్చుని ఉంటుంది, కాకపోతే పదేళ్ళ కిందటి హైమవతి. జుట్టు నల్లగా ఉంటుంది, కళ్ళకింద ఉబ్బు ఉండదు. మీట నొక్కగానే ఆ మనిషి కళ్ళు తెరిచి, చీర కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న కంప్యూటర్లో కొత్త మెయిల్ ఏమైనా వచ్చిందేమోనని చూస్తుంది. తాను మనిషి కాదనీ, ఒక మనిషి మనసుకి తీసిన నకలనీ ఆమెకి తెలీదు. తెలియకూడదు కూడా. అందుకే ఈ ప్రయోగం మొదలైన రోజు నుంచీ జరిగిందంతా ఆమె జ్ఞాపకంలోంచి కోసేశారు. పదేళ్ళు పోయాయి. పోతే పోనీ అనుకున్నారు. మనిషి దేనికి భయపడతాడో అది పదేళ్ళలో మారదు, వాళ్ళకి కావలసింది ఆ భయమే.

ఆ రోజు మొదటి మెయిల్ కరెంటు బిల్లు. నకలు హైమ చదివి మొహం చిట్లించింది. తెర కింద ఆమె భయాన్ని కొలిచే ముల్లు కాస్త కదిలి, పచ్చగీత లోపలే ఆగింది. మెయిల్ అసలు హైమ ఇన్‌బాక్స్‌లోకి వచ్చింది. రెండోది ఎవరో పెళ్ళి పిలుపు. అదీ వచ్చింది. మూడోది తెరిచిన క్షణంలోనే నకలు హైమ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. ముల్లు ఒక్క ఊపున ఎర్రగీత దాటింది. ఆమె కుడిచెయ్యి మౌస్ వైపు పాకింది. ఎడమచెయ్యి ఆ కుడిచేతిని పట్టుకుని వెనక్కి లాగాలని చూసింది, లాగలేకపోయింది.

"కాల్చెయ్యండమ్మా," అన్నాడు పక్క కుర్చీలోంచి సహోద్యోగి గవర్రాజు.

హైమవతి నొక్కింది. మెయిల్ ఆనవాలు లేకుండా పోయింది. గదిలో మనిషి కూడా పోయింది. రెండు నిమిషాల్లో మళ్ళీ అదే కుర్చీలో, అదే కొంగు సర్దుకుంటూ, ఏమీ జరగనట్టు కూర్చుంది.

"మీకెలా ఉంటుందో గానండి, నాకు మాత్రం పొద్దున్నే మిమ్మల్నిలా చూస్తే టిఫిన్ సయించదు," అన్నాడు గవర్రాజు.

ఈ ఏర్పాటు సరదాకి పుట్టలేదు. ఒకప్పుడు దొంగ మెయిల్ అంటే లాటరీ తగిలిందనో, బ్యాంకు ఖాతా ఆగిపోయిందనో వచ్చేది. నాలుగు తప్పులుండేవి. కాస్త బుర్రున్నవాడు నవ్వుకుని చెరిపేసేవాడు. చిరునామా అక్షరం అక్షరం చూసుకోండి, తెలియని లింకు నొక్కకండి, అటాచ్‌మెంట్ తెరవకండి అని ఆఫీసుల్లో గోడలకి కాగితాలు అంటించేవారు. తర్వాత ఎవరో, ఎక్కడో, ఆ మెయిల్స్‌ని యంత్రాల చేత రాయించడం మొదలుపెట్టారు. కొలతలు తీసి కుట్టిన చొక్కాలాగ ఒక్కో మనిషికి ఒక్కో మెయిల్. ఆ మనిషి ఎక్కడ మెత్తనో యంత్రానికి తెలుసు. చదివినవాడు భయంతో కొయ్యబారిపోయి, అందులో ఏం చెయ్యమంటే అది చేసేసేవాడు. లింకుతోనూ, అటాచ్‌మెంట్‌తోనూ పని లేదు. విషం మాటల్లోనే ఉంది.

గవర్రాజు భార్య రత్నకుమారి నీటి సరఫరాలో ఇంజనీరు. ఓ మధ్యాహ్నం ఒక మెయిల్ చదివి, లేచి వెళ్ళి, ఊరు ఊరంతా తాగే నీళ్ళలోకి క్లోరిన్ మొత్తం వదిలేసింది. ఎంతమంది ఆస్పత్రి పాలయ్యారో, అందులో ఎంతమంది తిరిగి రాలేదో గవర్రాజు ముందు ఎవరూ మాట్లాడరు. "చదువుతుండగానే తెలిసిందండి అబద్ధమని, చేతులు ఆగలేదు" అని ఆమె మొదట్లో చెప్పేది. ఇప్పుడు అదీ చెప్పడం లేదు.

విషమున్న మెయిల్‌ని మనిషి చదవకూడదు. చదవకుండా విషముందో లేదో తేలదు. ఈ పీటముడికి హైమవతి కనిపెట్టిన విరుగుడు పేరు ముందుచదువరి. ఇప్పుడు రాష్ట్రంలో ప్రతి ఆఫీసులోనూ, ఆస్పత్రిలోనూ, రేవులోనూ ప్రతి ఉన్నతోద్యోగికీ తన నకలే ముందుచదువరిగా ఉంది. అక్కడ మీట నొక్కే పని కూడా లేదు, అది భయపడితే మెయిల్ దానంతటదే బూడిదవుతుంది. అది ఏం చదివిందో ఎవరూ చూడరు. దాని గొంతు కూడా ఎవరూ వినరు, విషం గొంతులోంచి కూడా దాటుతుందని. మొహమూ, ముల్లూ, అంతే. నాలుగేళ్ళుగా ఏ ఊళ్ళోనూ నీళ్ళు చెడలేదు.

*

ఆ సాయంత్రం ఇంట్లో శేషగిరి వంకాయలు కాలుస్తున్నాడు. హైమవతి భర్త లెక్కల లెక్చరరు. వంట అతనిది, గిన్నెలు ఆవిడవి. వాళ్ళ ఒప్పందం అది.

"వేణి దగ్గర్నించి మెయిల్ వచ్చిందా?" అనడిగాడు వంకాయ తొక్క తీస్తూ.

"రాలేదండి. వస్తే నాకు చేరేది కదా."

"వాయుగుండం అంటున్నారు. ఓడలపాలెం రేవులో మూడో నంబరు ప్రమాద జెండా ఎగరేశారట."

నీలవేణి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. ఎమ్మెస్సీ చేస్తోంది. తోటి పిల్లలతో, మాస్టారితో కలిసి ఓడలపాలెం నుంచి పడవలో కొంగలదిబ్బకి వెళ్ళింది. మడచెట్ల వేళ్ళల్లో బతికే పీతల్ని లెక్కపెట్టే పని. ఆ దీవిలో ఫోన్ పలకదు, పాత దీపస్తంభం మీద మెయిల్ పంపే పెట్టె ఒకటి ఉంది. అది కూడా ఉత్త అక్షరాలే మోస్తుంది, ఫొటోలూ గొంతులూ దానివల్ల కాదు.

వెళ్ళే ముందు తల్లితో గొడవ పెట్టుకుంది.

"నేను రాసింది నీకంటే ముందు ఎవత్తో చదువుతుందంటే ఏం రాయబుద్ధేస్తుందే అమ్మా?"

"ఎవత్తో ఏంటే? నేనే కదా."

"నువ్వు కాదు. అది నిన్ను కాపాడే పనిమనిషి. దానికి నేను బడికెళ్ళే పిల్లని. నేను ఏడుస్తూ రాస్తే దానికి భయమేసి తగలెట్టేస్తుంది."

"నువ్వెందుకేడుస్తావు? తిన్నగా రాయి, తిన్నగా చేరుతుంది," అని హైమవతి కొట్టిపారేసింది. ఆ మాట ఇప్పుడు వంటింట్లో నిలబడితే గుర్తొచ్చింది. గాలి తలుపుని ఒక్కసారిగా కొట్టేసరికి ఇద్దరూ ఉలిక్కిపడ్డారు. శేషగిరి నవ్వాడు గానీ, ఆ నవ్వులో పస లేదు.

*

మర్నాడు పొద్దున ప్రయోగశాల అద్దాల మీద వాన చరుస్తోంది. నకలు హైమ ఎండ కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంది.

మెయిల్ వచ్చింది. పంపిన చిరునామా మాత్రం హైమవతికి కనిపిస్తుంది. కొంగలదిబ్బ దీపస్తంభం.

"వేణి!" అంది పైకే. ప్రాణం లేచొచ్చింది.

తెర మీద నకలు హైమ చదవడం మొదలుపెట్టింది. ముల్లు లేచింది. పచ్చగీత దాటింది. ఎర్రగీత దాటి చివరికంటా వెళ్ళి, అక్కడే కొట్టుకుంటూ ఉండిపోయింది.

హైమవతి పక్క కుర్చీకేసి తిరిగింది. "రాజుగారూ..."

"చిరునామా దొంగిలించడం వాళ్ళకెంత పనండి? మీ అమ్మాయి అక్కడుందని తెలుసుకున్నారు, అంతే," అన్నాడు గవర్రాజు. కానీ అతను కూడా కుర్చీలోంచి లేచాడు.

ఎందుకంటే నకలు హైమ చెయ్యి మౌస్ వైపు పోలేదు. ఆమె చదవడం ఆపి, గది నాలుగు గోడలూ చూసింది. కిటికీ దగ్గరికి వెళ్ళి ఎండలో చెయ్యి పెట్టింది. తీసింది. మళ్ళీ పెట్టింది. తర్వాత తిన్నగా, కెమెరా ఉన్న మూలకేసి తిరిగింది. నాలుగేళ్ళలో ఏ ముందుచదువరీ అటు చూడలేదు. అక్కడో కన్నుందని వాటికి తెలిసే దారే లేదు.

ఆమె రెండు చేతులూ జోడించింది. పెదవులు కదులుతున్నాయి. గొంతు వినపడదు.

తన మొహం తనని బతిమాలుకుంటుంటే చూడటం ఎలా ఉంటుందో హైమవతికి అప్పుడు తెలిసింది. ఆ మనిషి మోకాళ్ళ మీద కూలబడి నేలకి తల ఆన్చి మళ్ళీ లేచి మళ్ళీ జోడించింది.

"ఇది కొత్త ఎత్తమ్మా," అన్నాడు గవర్రాజు. "ఇన్నాళ్ళూ చేతులు పట్టుకునేవారు. ఇప్పుడు మనిషినే పట్టుకున్నారు. దాని చేత మిమ్మల్ని పిలిపిస్తున్నారు. గొంతు తెరిచారంటే మీరూ అయిపోతారు. దణ్ణం పెడతాను, తెరవకండి."

"నిజమైతే?"

"అయితే రేవు ఆఫీసుకి కూడా వచ్చుండాలి కదండీ? అడగండి."

ఫోన్ చేసింది. ఓడలపాలెం రేవు అధికారి పేరు ముత్యాలరావు. మర్యాదస్తుడు.

"కొంగలదిబ్బ చిరునామానాండి? పొద్దుణ్ణించీ అరగంటకోటి చొప్పున వస్తోందండి. అన్నీ ఎర్రగీతే. మాకే కాదు, కలెక్టరాఫీసుకీ, పోలీసులకీ, కాలేజీకీ, అందరికీ వస్తోందిట. అన్నిచోట్లా బూడిదేనండి. మీ యంత్రమే లేకపోతే ఈపాటికి మేమంతా ఏమైపోదుమో!"

హైమవతి ఫోన్ పెట్టేసింది. ఒకే చోటు నుంచి అన్ని ఆఫీసులకీ ఒకేసారి, విసుగూ విరామం లేకుండా వస్తే అది విషమే అన్నది వాళ్ళ మొదటి పాఠం. ఆ పాఠం రాసింది ఆవిడే. ఊరంతటికీ వచ్చిందంటే వేణికేమీ కాలేదన్నమాట. ఆ ఆలోచనకి గుండె కాస్త నెమ్మదించింది కూడా.

తెర మీద ఇంకా చేతులు జోడించి ఉన్న తన మొహం చూడలేక, కళ్ళు మూసుకుని మీట నొక్కింది.

కళ్ళు తెరిచేసరికి గది ఖాళీ.

*

మధ్యాహ్నం శేషగిరి తడిసి ముద్దయి వచ్చాడు. చేతిలో క్యారేజీ, గొడుగు తిరగబడి ఉంది.

"ఓడలపాలెం పక్క ఊళ్ళోకి నీళ్ళొచ్చేశాయట. ఇంట్లో ఉండలేకపోయాను హైమా. ఏమైనా తెలిసిందా?"

హైమవతి చెప్పింది. దాచకుండా చెప్పింది. తన నకలు చేతులు జోడించిన సంగతి చెప్పేటప్పుడు మాత్రం అతని కళ్ళలోకి చూడలేదు.

శేషగిరి క్యారేజీ బల్ల మీద పెట్టాడు. తర్వాత అడిగాడు, "దానికి అక్కడ కెమెరా ఉందని ఎలా తెలిసింది?"

"విషం చెప్పుండాలి."

"లేకపోతే? నీ అంతట నువ్వు కనుక్కోలేవా? ఆ మనిషి నువ్వే కదా. దానికి వేణి ఆరో క్లాసు పిల్ల. మెయిల్లో మీ అమ్మాయి ఎమ్మెస్సీ చదువుతోంది, దీవిలో చిక్కుకుంది అని రాసుంటే, నువ్వైతే ఏమనుకుంటావు?"

హైమవతి చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టబోయి పక్కన వదిలేసింది. అది పగిలిన చప్పుడు కూడా ఆవిడకి వినపడలేదు. ఆ మెయిల్ చదివిన నకలు, పదేళ్ళు ఎటుపోయాయా అనుకుంటుంది. చుట్టూ చూస్తుంది. ఇలాంటి గది కట్టాలని తన బుర్రలో ఎన్నాళ్ళనించో ఉందని గుర్తొస్తుంది. ఎండలో చెయ్యి పెట్టి చూస్తుంది. వెచ్చదనం ఉండదు. కెమెరా తానైతే ఎక్కడ పెడుతుందో ఆ మూలకే చూస్తుంది.

ఆ మనిషికి తాను నకలని తెలిసిపోయింది. తెలిశాక కూడా తన కోసం ఏడవలేదు. వేణి కోసం దణ్ణం పెట్టింది. అలాంటి దాన్ని తను తుడిచేసింది.

"మెయిల్ వస్తోందమ్మా," అన్నాడు గవర్రాజు. "కొంగలదిబ్బ నుంచే."

ముగ్గురూ తెర ముందు నిలబడ్డారు. కొత్తగా లేచిన నకలు హైమ తీరిగ్గా చదవడం మొదలుపెట్టింది. ముల్లు కదల్లేదు. ఆమె పెదవుల మీద చిరునవ్వు వచ్చింది. ఒకచోట తల అడ్డంగా ఊపుతూ నవ్వేసింది కూడా. పచ్చగీత. మెయిల్ హైమవతి ఇన్‌బాక్స్‌లోకి వచ్చి పడింది.

"హమ్మయ్య! చూశారా?" అని గవర్రాజు కుర్చీలో కూలబడ్డాడు.

హైమవతి తెరిచింది.

'అమ్మా! ఇక్కడ ఎంత బాగుందో చెప్పలేను. దీవంతా ఈత కొలను అయిపోయింది. మా గుడారాలు పొద్దున్నే షికారుకి బయల్దేరాయి, ఇంకా రాలేదు. మేం దీపస్తంభం మెట్ల మీద కూర్చుని పాటలు పాడుకుంటున్నాం. పొద్దున కింది మెట్ల మీద పాడాం, ఇప్పుడు పై మెట్ల మీద పాడుతున్నాం. ఇంకా నాలుగైదు మెట్లున్నాయి, అక్కణ్ణించి ఇంకా బాగా కనిపిస్తుందిట. తొమ్మిదిమందికి ఇరుకయ్యేది గానీ, మాస్టారూ పడవ అప్పన్నా ఈతకి దిగారు. వాళ్ళకి అక్కడే బాగున్నట్టుంది, రాలేదు. ఏడుగురికి చోటు సరిపోయింది. పొద్దుణ్ణించీ అందర్నీ పిలుస్తున్నాం, ఎవరికీ తీరిక లేనట్టుంది. నీకు నవ్వుతూ చెబితేనే వినబడుతుంది కదా, అందుకే నేను నవ్వుతూ చెబుతున్నాను. పడవేసుకుని రా అమ్మా. వెలుగుండగా వస్తే బాగుంటుంది. తర్వాత చూడ్డానికి ఇక్కడేమీ ఉండదు.'

చిన్నప్పుడు వేణి పక్కగదిలో కూర్చుని తల్లికి ఇలాంటి కోతల మెయిల్సే రాసేది. మంచం ఓడైందనీ, తిమింగలం అటక మీదికెక్కిందనీ. నకలు హైమకి ఆ వేణే తెలుసు. అందుకే నవ్వింది.

శేషగిరి చదవడం పూర్తి చేసి కారు తాళం తీసుకున్నాడు.

"రోడ్డు తెగిందిటండి!" అంది హైమవతి.

"తెగినచోట దిగి నడుస్తాను. నేను కళ్ళతో చూసొచ్చి చెప్పేదాకా ఎవరేం చెప్పినా నమ్మకు." అతను వెళ్ళిపోయాడు. చీకటి పడేలోపు ఓడలపాలెం చేరడం కల్ల. అది అతనికీ తెలుసు.

హైమవతి మళ్ళీ రేవుకి ఫోన్ చేసింది. ఏడ్చింది, అరిచింది, పడవలు పంపమంది.

ముత్యాలరావు నెమ్మదిగా అన్నాడు, "అమ్మా, మీ గొంతులాగే ఉంది. కానీ మీరే అని నేనెలా నమ్మనండి? గొంతులు కూడా దొంగిలిస్తున్నారు, ఫోన్ మీద ఏ పనీ చెయ్యొద్దు, మెయిల్‌లో వస్తేనే చెయ్యండని మాకు నేర్పింది హైమవతిగారేనండి. మెయిల్ పంపండి."

పంపితే అతని ముందుచదువరి చదువుతుంది. తుఫాన్లో పడవలు పంపమని రాస్తే దానికి భయం వేస్తుంది. భయం వెయ్యకుండా రాస్తే పడవలు వెళ్ళవు.

*

దారి ఒక్కటే మిగిలింది. ముందుచదువరుల్ని ఆపెయ్యడం. ఒక్క రేవు ఆఫీసులోనే ఆపుదామంటే కుదరదు. ఎవరో ఒకర్ని మాయచేసి ఒక్క తలుపు తీయించకుండా, ఆపితే రాష్ట్రమంతా ఒకేసారి ఆగేలా కట్టారు. అందుకు ఇద్దరి బొటనవేళ్ళు పడాలి. ఒకటి ఆవిడది, ఇంకొకటి గవర్రాజుది.

హైమవతి వేలిగుర్తు చూసే గాజు పలక మీద తన వేలు పెట్టి, అతనికేసి చూసింది.

"ఏడుగురు పిల్లలమ్మా," అన్నాడు అతను. "గుమ్మాల బయట ఎన్ని విషాలు కాచుకునున్నాయో మీకు తెలుసు. ఆస్పత్రులున్నాయి. నీళ్ళ ట్యాంకులున్నాయి. ఇంకో రత్నం లేస్తుంది. ఇంకో ఊరు..."

"తెలుసు రాజుగారూ. నేను తల్లిని కాకపోతే మిమ్మల్నడగను. తల్లిని గనకే అడుగుతున్నాను. ఇందులో న్యాయం ఉందని చెప్పను."

గవర్రాజు వేణి మెయిల్ మళ్ళీ చదివాడు. అంతకుముందు హమ్మయ్య అన్న మనిషి, ఇప్పుడు చదువుతూ చదువుతూ కళ్ళజోడు తీసేశాడు.

"ఊరంతా ఆ పిల్లల్ని తగలెడుతూనే ఉందన్నమాట, అరగంటకోసారి," అన్నాడు. "మనం ఆపింది విషాన్ని కాదండి. భయాన్ని."

అతని వేలు గాజు పలక దాకా వచ్చి ఆగింది. "ఒక్క మాట. తలుపులు తీశాక వాళ్ళు ముందు మీమీదే పడతారు. మీకే మెయిలొచ్చినా నేను చెప్పినట్టు వినాలి. సరేనా?"

"సరే."

"నొక్కేముందు తెర మీద ఆవిడతో మాట్లాడతారా? ఇంక ఉండదు కదా."

హైమవతి గొంతు మీట తెరిచింది. నాలుగేళ్ళలో మొదటిసారి ఆ గది చప్పుడు వినిపించింది. నకలు హైమ ఏదో కూనిరాగం తీస్తోంది. కూతురి మెయిల్ ఆమెకింకా నవ్వు తెప్పిస్తోంది.

"హైమా," అంది హైమవతి.

ఆ మనిషి తలెత్తింది. "ఎవరండీ? రండి, కూర్చోండి. మా అమ్మాయి చూడండి ఎన్ని కోతలు కోసిందో! ఈపాటికి బడి వదిలుంటారు. వచ్చేసిందా అది?"

హైమవతి నోరు తెరిచింది. పొద్దున జోడించిన చేతులు కళ్ళముందు ఆడాయి. క్షమించమందామనుకుంది. దేనికని అడుగుతుంది, ఏం చెబుతుంది?

"వస్తుంది," అంది. "తేవడానికే వెళ్తున్నారు."

గవర్రాజు వేలు నొక్కాడు. ఎండ కిటికీ ఆరిపోయింది.

*

మొదటి అరగంటా ఏమీ జరగలేదు. తర్వాత ఊళ్ళో ఎక్కడో సైరన్ మొదలైంది. అది ఆగలేదు. కాసేపటికి నది అవతల మరోటి దానికి తోడైంది. గవర్రాజు ఇంటికి ఫోన్ చేసి, భార్య గదిలో కంప్యూటర్ తీగ పీకెయ్యమని పనిమనిషికి చెప్పాడు. చెబుతున్నది అతనేనని ఆమె నమ్మిందో లేదో తెలీదు.

ముత్యాలరావు మెయిల్ చూశాడా? చూస్తే, ముందు పిల్లల మెయిల్ చూశాడా, విషం చూశాడా? కిటికీ బయట వెలుగు తగ్గుతోంది. హైమవతి కళ్ళు ఆ వెలుగు మీదే ఉన్నాయి. అది ఆరిపోతుంటే తన ప్రాణం ఆరిపోతున్నట్టే ఉంది.

ఇన్‌బాక్స్ నిండుతోంది. తెలిసిన పేర్లూ, తెలియని పేర్లూ. ఆవిడ దేన్నీ ముట్టుకోలేదు. అప్పుడొచ్చింది, కొంగలదిబ్బ చిరునామా నుంచి.

"అమ్మా, ఆగండి," అన్నాడు గవర్రాజు. అతను లేచి, వైర్లు కట్టలు కట్టే పట్టీలు తీసుకొచ్చాడు. ఆవిడ రెండు చేతులూ కుర్చీ చేతులకి కట్టేశాడు. కాళ్ళు కూడా కట్టేశాడు. తర్వాత మెయిల్ తాను చూడకుండా, తెరకి వీపు పెట్టి, చెయ్యి వెనక్కి చాచి తెరిచాడు.

హైమవతి చదివింది.

'అమ్మా, పెద్ద పడవ వచ్చింది. ముత్యాలరావుగారని, ఆయనే వచ్చారు. ఐదుగురిని దించారు, నేనూ రాధిక ఇంకా పైమెట్టు మీద ఉన్నాం, మా వంతు వచ్చింది. మాస్టారు లేరమ్మా. అప్పన్న కూడా లేడు. ఇప్పుడు ఏడుస్తూ రాస్తున్నాను, చేరుతుందా? చేరితే ఒక్క మాట రాయి. నీ మాట చూసి దిగుతాను. నాకు నీళ్ళంటే చాలా భయమేస్తోంది.'

ఆవిడ ఒళ్ళంతా ముందుకి ఉరికింది. పట్టీలు మణికట్టు కోశాయి.

"బతికుంది రాజుగారూ! నా తల్లి బతికుంది! ఒక్క మాట రాయాలి, నా మాట కోసం మెట్టు మీద నిలబడింది. విప్పండి!"

గవర్రాజు వెనక్కి తిరగలేదు.

"విప్పండి రాజుగారూ, మీకు దణ్ణం పెడతాను, నీళ్ళొచ్చేస్తాయి! చేరింది, దిగు అని ఒక్క మాట! పోనీ మీరే చదవండి, మీరే రాయండి!"

"నేను చదవకూడదమ్మా," అన్నాడతను. అతని భుజాలు కదులుతున్నాయి. "మీరు ఏం చదివారో నాకు తెలీదు. మీ చేతుల్ని ఏం చెయ్యమందో తెలీదు. రత్నం కూడా ఇలాగే అందండి. ఒక్క నిమిషం, పిల్లలు చచ్చిపోతారు, వదలండి అంది. అక్కడున్న కుర్రాడు వదిలేశాడు."

"రాజుగారూ, ఇది నిజం!"

"శేషగిరిగారు కళ్ళతో చూసొచ్చి చెప్పేదాకా విప్పను తల్లీ. నన్ను తిట్టుకోండి."

హైమవతి అరిచింది, బతిమాలింది, తిట్టింది, కన్నతల్లి ఏమేమి చెయ్యగలదో అన్నీ చేసింది. పొద్దున తన నకలు చేసిందీ ఇదే. దాని గొంతు వినకూడదని తను మీట మూసింది. ఈయన చెవులు మూసుకున్నాడు.

తెర మీద ఇంకో మెయిల్ వచ్చింది, అదే చిరునామా. దాన్ని తెరవడానికి ఆవిడకి చెయ్యి లేదు.